దర్బారీలో కల్మా, పహాడీలో భజన్

హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో మెయిన్ రోడ్డుకి ఒక పేరుంది: ఉస్తాద్ బడే గులాం అలీ ఖాన్ మార్గ్. ఆ పేరుతో ఆ రోడ్డుని పిలిచే మనిషి ఇంతవరకు నాకు తగల్లేదు. ఆటోవాలాకి చెబితే మొహం తేలేస్తాడు. ప్రెస్ మీట్ల కోసం ఏళ్ళ తరబడి ఆ దారిన తిరిగే మా జర్నలిస్టు బిరాదరీలో కూడా ఆయన ఎవరో, ఆ రోడ్డుకి ఆయన పేరెందుకు పెట్టారో చెప్పగలిగేవాళ్ళు బహుత్ కమ్.

హిందుస్తానీ సంగీతంలో ఇరవయ్యో శతాబ్దపు మహా గాయకుల్లో ఒకరైన ఆ ఉస్తాద్, 1968 ఏప్రిల్‌లో అక్కడే, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో ఆఖరి శ్వాస విడిచారు. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు, కూల్చేశారు. ఉస్తాద్ మాత్రం ఉన్నారు. పాతబస్తీలో మీర్ మోమిన్ దాయిరాలో, హైదరాబాద్ నగరానికి నక్షా గీసిన పేష్వా నిద్రపోతున్న మట్టిలోనే ఆయన ఖబర్ కూడా ఉంది. ఎక్కడి పంజాబ్, ఎక్కడి పాతబస్తీ!

ఆయన మనకేమవుతారు? తెలుగు మాట్లాడే ముసల్మాన్‌లం, మన పిల్లలకి ఆయన గురించి ఏమని చెప్పాలి? ఈ సవాల్ నన్ను చాలా కాలంగా వేధిస్తోంది. ఎందుకంటే శాస్త్రీయ సంగీతం మాటెత్తితే చాలు, మనకి రెండు వైపుల నుంచీ రెండు మాటలు వినిపిస్తాయి. ఒకసారి ఒక సాంస్కృతిక సభకి రిపోర్టింగ్ కోసం వెళ్ళాను. నా పేరు విన్న ఒక పెద్దమనిషి చాలా ఆప్యాయంగానే అన్నాడు, "మీకు గజళ్ళూ ఖవ్వాలీలూ కదా, ఈ రాగాలూ అవీ మీకు కొత్తగా ఉంటాయేమో" అని. ఇక ఇంటి వైపు చూస్తే, "గానా బజానా షరీఫ్ ఖానదాన్‌ల పని కాదు బేటా" అనే మాట మీరూ వినే ఉంటారు. ఒకరు 'ఇది మీది కాదు' అంటారు, ఇంకొకరు 'ఇది మనది కాదు' అంటారు. దారులు వేరైనా ఇద్దరూ చేరే మంజిల్ ఒకటే.

నేను చదివింది ఉర్దూ మీడియం. అమీర్ ఖుస్రో మాకు పొడుపు కథల షాయర్‌గా తెలుసు, అంతే. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాను, అక్కడ త్యాగరాజు వాగ్గేయకారుడిగా పరిచయమయ్యాడు. ఈ రెండు క్లాసు గదుల మధ్య ఒక తలుపు ఉందనీ, దాన్ని మన ఉస్తాద్‌లు ఎప్పుడో తీసి పెట్టారనీ ఏ కితాబులోనూ లేదు. ఇవాళ ఆ తలుపు గురించే.

త్యాగరాజ కృతి పాడిన ఖాన్ సాహెబ్

ముందు ఒక మాట. మనం రోజూ ఇంట్లోవాళ్ళకి "ఖయాల్ రఖో" అని చెబుతాం కదా. హిందుస్తానీ గానంలో ఇవాళ అన్నిటికంటే ఎక్కువగా పాడే పద్ధతి పేరు కూడా అదే, ఖయాల్. మొఘల్ బాద్‌షా ముహమ్మద్ షా దర్బార్‌లో నియామత్ ఖాన్ 'సదారంగ్' చేతుల్లో అది విప్పారింది. ఉస్తాద్, షాగిర్ద్, రియాజ్, ఘరానా, తరానా... ఈ సంగీతం మాట్లాడే జబాన్‌లో సగం మన దస్తర్‌ఖాన్ దగ్గర మాట్లాడుకునే జబానే. మిగతా సగం సంస్కృతం, బ్రజ్ భాష. రాగం, తాళం, స్వరం అక్కడివి. ఈ రెండు సగాల్నీ విడదీసి ఇది నీది, ఇది నాది అని పంచుకోవాలంటే పాట మిగలదు.

ఆ సగం, ఈ సగం ఒకే గొంతులో ఎలా ఉంటాయో చూపించిన మనిషి ఉస్తాద్ అబ్దుల్ కరీం ఖాన్. 1872లో ఉత్తరప్రదేశ్‌లోని కైరానాలో పుట్టారు. కిరానా ఘరానా అన్న పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. బరోడా దర్బార్‌లో కొలువు చేశారు, మహారాష్ట్రలో మిరజ్‌లో స్థిరపడ్డారు. మైసూరు దర్బార్‌కి వెళ్ళి వస్తూ దక్షిణాది విద్వాంసుల పాట విన్నారు, ఆ స్వరకల్పన తీరు ఆయన గానంలోకి దిగింది. అంతటితో ఆగలేదు. ఖరహరప్రియలో త్యాగరాజు కృతిని గ్రామోఫోన్ రికార్డుకి పాడారు. కైరానాలో ఉర్దూ మాట్లాడే ఇంట్లో పుట్టిన ఒక ఖాన్ సాహెబ్ నోట తెలుగు! ఆ ఉచ్చారణ మన గోదావరి జిల్లాల ఉచ్చారణలా ఉండదు, నిజమే. కానీ ఆ మాటల పట్ల ఆయనకున్న అదబ్ వినిపిస్తుంది.

1913లో ఆయన పుణేలో ఒక సంగీత పాఠశాల పెట్టారు. దాని పేరు ఆర్య సంగీత విద్యాలయం. అక్కడ ఘరానా తాళాలు తీసి, ఖానదాన్‌కి చెందని పిల్లలకి కూడా తాలీమ్ ఇచ్చారు. ఆయన షాగిర్ద్ సవాయి గంధర్వ. ఆ సవాయి గంధర్వ శిష్యులే గంగూబాయి హంగల్, భీమ్‌సేన్ జోషి. 2008లో భీమ్‌సేన్ జోషికి భారత రత్న వచ్చినప్పుడు నిజానికి కైరానా నుంచి మిరజ్ దాకా నడిచిన ఒక సిల్‌సిలాకే ఆ ఇజ్జత్ దక్కింది.

అదే ఖాన్ సాహెబ్ ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పాలి. ఆయన భార్య తారాబాయి బరోడాకి చెందిన మరాఠా సర్దార్ కుటుంబపు బిడ్డ. కొన్నేళ్ళకి వాళ్ళిద్దరూ విడిపోయారు. పిల్లలు తల్లితో వెళ్ళారు. అబ్దుల్ రహ్మాన్ సురేశ్‌బాబు మానే అయ్యాడు. సకీనా సరస్వతి అయింది, పెళ్ళి తర్వాత సరస్వతీ రాణే. అక్క హీరాబాయి బరోడేకర్ పేరుతో దేశమంతా తెలిసిన గాయని అయింది. పేర్లు మారాయి, గొంతులు మారలేదు. తండ్రి పాడిన కిరానా రంగే పిల్లల పాటలోనూ ఉంది. ఆ పేర్లు ఎందుకు మారాయన్నదానికి ఇంటి కారణాలున్నాయి, తల్లి నిర్ణయం ఉంది. అయినా ఒక సంగతి ఆలోచించండి. అప్పటి మధ్యతరగతి సభల్లో, టికెట్టు కొని వచ్చే శ్రోతల ముందు, ఒక గౌరవనీయమైన గాయనిగా నిలబడటానికి సకీనా అన్న పేరు కంటే సరస్వతి అన్న పేరుకి దారి సులువు కాలేదంటారా? పాటకి మజ్హబ్ లేదని మనం ఎంత అన్నా, పాడేవాళ్ళ పేరుకి ఉంది.

1937 అక్టోబరులో ఖాన్ సాహెబ్ మద్రాసు నుంచి పాండిచ్చేరి వెళ్తున్నారు. రైల్లో ఒంట్లో బాగోలేదు. దారిలో సింగపెరుమాళ్ కోయిల్ అనే చిన్న స్టేషన్‌లో దిగిపోయారు. ఆ ఊరికి ఆ పేరు అక్కడి నరసింహస్వామి గుడి వల్ల వచ్చింది. ప్లాట్‌ఫారం మీదే పక్క పరిచారు. ఆ తర్వాతి సంగతి ఆయన షాగిర్దుల నుంచి వచ్చిన రివాయత్: ఆయన లేచి కూర్చుని నమాజ్ చేశారట, తంబురా శ్రుతి చేయించి, దర్బారీ రాగంలో కల్మా పాడుతూ కన్ను మూశారట. ఆయన్ని మిరజ్‌కి తీసుకెళ్ళి మీరాసాహెబ్ దర్గా ఆవరణలో దఫన్ చేశారు. ఇప్పటికీ ఏటా గాయకులు అక్కడికి వచ్చి ఆయన యాద్‌లో పాడతారు. ఆ పాడేవాళ్ళలో హిందువులెందరో, ముస్లింలెందరో ఎవరూ లెక్కపెట్టరు.

ఆర్య విద్యాలయం నడిపిన మనిషి, తెలుగు కృతి పాడిన మనిషి, ఆఖరికి కల్మా పాడుతూ వెళ్ళిపోయాడు. ఆయన జిందగీలో ఈ మూడూ ఒకదాన్ని ఒకటి తోసుకోలేదు.

రేడియో దర్వాజా

అబ్దుల్ కరీం ఖాన్ వెళ్ళిపోయిన పదేళ్ళకి దేశం రెండు ముక్కలైంది. రాజులు పోయారు, దర్బార్లు పోయాయి. సంగీతానికి కొత్త బాద్‌షా ఆల్ ఇండియా రేడియో. రేడియోలో పాడితేనే పేరు, పేరుంటేనే రోటీ.

ఆ కొత్త దర్బార్‌కి ద్వారపాలకులు ఉన్నారు. సర్దార్ పటేల్ సమాచార శాఖ చూస్తున్న రోజుల్లో, సొంత జీవితం లోకుల నోళ్ళలో పడ్డ ఆడవాళ్ళని రేడియోలో పాడనివ్వొద్దని నిర్ణయం జరిగింది. తరతరాలుగా ఠుమ్రీనీ దాద్రానీ కాపాడిన తవాయిఫ్ కుటుంబాల మీద పడ్డ దెబ్బ అది. వాళ్ళలో ముస్లిం స్త్రీలు ఎందరో ఉన్నారు. తర్వాత 1952 నుంచి 1962 దాకా బి.వి. కేస్కర్ మంత్రి. సంగీతం తెలిసిన మనిషే, శాస్త్రీయ సంగీతానికి రేడియోలో పెద్దపీట వేసిన మనిషే. సినిమా పాటల్ని రేడియో నుంచి దాదాపు తరిమేసింది ఆయనే. అందుకే మన అమ్మీ అబ్బాల తరం రేడియో సిలోన్‌కి చెవులప్పగించింది.

కానీ కేస్కర్ మనసులో ఒక తారీఖ్ ఉండేది. హిందుస్తానీ సంగీతం ప్రాచీన హిందూ శాస్త్రమనీ, అది ముస్లిం ఉస్తాద్‌ల చేతుల్లో పడి సంస్కృతానికీ భక్తికీ దూరమై, ఘరానాల గుట్టు విద్యగా మారిపోయిందనీ ఆయన భావించారు. చదువూ శాస్త్రజ్ఞానమూ ఉన్నవాళ్ళ చేతుల్లోకి అది తిరిగి రావాలన్నది ఆ ఆలోచన.

ఇందులో ఒక్క ముక్క కూడా నిజం లేదని నేననను. కొందరు ఉస్తాద్‌లు విద్య దాచుకున్నారు. బందిష్‌లు కొడుక్కి చెప్పి షాగిర్ద్‌కి చెప్పనివాళ్ళున్నారు. కానీ ఆ విద్యే వాళ్ళ జాగీరు, వాళ్ళ రోటీ. భూములున్నవాడు దస్తావేజు దాచుకున్నట్టు వాళ్ళు చీజ్‌లు దాచుకున్నారు. పండిత భాత్‌ఖండే ఊరూరా తిరిగి వందల బందిష్‌లు సేకరించి పుస్తకాల్లో అచ్చు వేశారే, వాటిలో ఎన్నో ఈ ఉస్తాద్‌ల నోటి నుంచే వచ్చాయి. వాళ్ళు కంఠంలో మోసుకురాకపోతే కాగితం మీద పెట్టడానికి ఏముండేది? పాడు చేసినవాళ్ళని ఎవరిని అంటున్నారో వాళ్ళే ఆ అమానత్‌ని మోసుకొచ్చినవాళ్ళు.

తిరిగొచ్చిన మనిషి

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక ఉస్తాద్ సరిహద్దు దాటి తిరిగొచ్చారు.

బడే గులాం అలీ ఖాన్ 1902లో కసూర్‌లో పుట్టారు. లాహోర్‌కి దగ్గరి ఊరు, బాబా బుల్లే షా మజార్ ఉన్న ఊరు. తండ్రి అలీ బఖ్ష్ ఖాన్, చిన్నాన్న కాలే ఖాన్ దగ్గర తాలీమ్. మొదట్లో సారంగీ కూడా వాయించారు. సారంగీ వాయించేవాళ్ళని ఆ కాలపు గాయకులే చిన్నచూపు చూసేవారు. అంటే ఇజ్జత్ కోసం పోరాటం ఆయనకి ముందు సంగీత బిరాదరీ లోపలే మొదలైంది. 1947 నాటికి ఆయన పేరు కలకత్తా, బొంబాయి మహ్ఫిళ్ళలో మారుమోగిపోయింది.

విభజన జరిగితే కసూర్ పాకిస్తాన్‌లోకి వెళ్ళింది. పుట్టిన ఊరు అక్కడ, వినేవాళ్ళు ఇక్కడ. కొన్నాళ్ళు అక్కడ ఉన్నారు, మనసు నిలవలేదు. తిరిగి వచ్చారు. 1957లో, మొరార్జీ దేశాయ్ సహాయంతో ఆయనకి భారత పౌరసత్వం దొరికింది. మతం పేరు మీద గీసిన గీతని ఒక ముసల్మాన్ గాయకుడు వెనక్కి దాటాడన్న సంగతిని మనం తేలిగ్గా తీసుకోకూడదు. ఆయన ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. ప్రతి ఇంట్లో ఒక బిడ్డకి ఈ సంగీతం నేర్పి ఉంటే ఈ దేశం ముక్కలయ్యేదే కాదని ఆయన అన్నట్టు చెప్పుకుంటారు. మాట ఎలా ఉన్నా, ఆయన చేసిన పని అదే అర్థం చెబుతుంది.

చూడటానికి పహిల్వాన్. భారీ శరీరం, దట్టమైన మీసాలు, ఒళ్ళో స్వరమండల్. గొంతు విప్పితే మాత్రం మల్‌మల్ గుడ్డ గాలికి ఎగిరినట్టుండేది. మూడు స్థాయిల్లో ఎక్కడికంటే అక్కడికి అలవోకగా వెళ్ళేది. 'సబ్‌రంగ్' అన్న తఖల్లుస్‌తో సొంతంగా బందిష్‌లూ ఠుమ్రీలూ కట్టారు. అన్ని రంగులూ అని ఆ మాటకి అర్థం. కృష్ణుడు ఆయన ఠుమ్రీల్లో పక్కింటి పిల్లాడిలా తిరుగుతాడు. పహాడీలో ఆయన పాడిన 'హరి ఓం తత్సత్' భజన్ రికార్డు ఇప్పటికీ దొరుకుతుంది, వినండి. ఎవరినో మెప్పించడానికి పాడినట్టుండదు. ఎవరికో జవాబు చెప్పడానికి పాడినట్టూ ఉండదు. పాటకి ఇవ్వాల్సిన హఖ్ ఇచ్చినట్టుంటుంది.

ఇక 'మొఘల్-ఎ-ఆజం' కథ చాలామందికి తెలిసిందే. సినిమాలకి పాడనని ఉస్తాద్ పట్టు. తాన్‌సేన్ గొంతుగా ఆయనే కావాలని కె. ఆసిఫ్ పట్టు. వదిలించుకోవడానికి పాటకి 25,000 రూపాయలు అడిగితే, ఆసిఫ్ సరేనన్నాడు. లతా మంగేష్కర్, రఫీ లాంటివాళ్ళకే పాటకి 500 రూపాయలు కూడా దక్కని రోజులవి. నౌషాద్ సంగీతంలో రెండు పాటలు పాడారు, సినిమా 1960లో వచ్చింది.

సోహ్నీ రాగంలో ఆయన పాడిన పాట వస్తున్నప్పుడు తెర మీద ఎవరున్నారో చూడండి. సలీంగా దిలీప్ కుమార్, అసలు పేరు యూసుఫ్ ఖాన్. అనార్కలిగా మధుబాల, అసలు పేరు ముంతాజ్ జహాన్ బేగం. పేరు మార్చుకుని కోట్లమంది గుండెల్లో చోటు సంపాదించిన ఇద్దరు. వాళ్ళ మీద నింద వేయడం నా ఉద్దేశం కాదు, బజారు అడిగిన ధర అది. కానీ వాళ్ళ వెనక వినిపించే గొంతు మాత్రం పుట్టినప్పటి పేరుతోనే ఉంది, గులాం అలీ. ఆ గొంతు ఎవరి కోసం పాడుతోందో ఆ తాన్‌సేన్ కూడా హిందూ ఇంట్లో పుట్టి, గ్వాలియర్‌లో హజ్రత్ ముహమ్మద్ గౌస్ మజార్ పక్కన నిద్రపోతున్నవాడే. సకీనా సరస్వతి అయిన దేశంలో, యూసుఫ్ దిలీప్ అయిన దేశంలో, ఈయన పేరు మార్చుకోకుండా భజన్ పాడారు. నమాజ్ వదలకుండా కృష్ణుణ్ణి పిలిచారు.

1962లో పద్మభూషణ్ వచ్చింది, సంగీత నాటక అకాడమీ అవార్డు వచ్చింది. తర్వాత పక్షవాతం దెబ్బ కొట్టింది. లేచి మళ్ళీ పాడారు, కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ పక్కన కూర్చుని ఆసరా ఇచ్చేవాడు. ఆఖరి రోజుల్లో ఆయనకి నీడనిచ్చింది మన హైదరాబాద్. పాయ్‌గా నవాబుల బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో, నవాబ్ జహీర్ యార్ జంగ్ కుటుంబపు మెహమాన్‌గా ఉన్నారు. అక్కడి నుంచే మీర్ మోమిన్ దాయిరాకి ఆయన ఆఖరి సఫర్.

మన తెలుగు నేల మీద

ఇదంతా ఉత్తరాది కథ, మనకేంటి అనుకుంటారేమో. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్‌ని తల్చుకోండి. చిలకలూరిపేట ఆదం సాహెబ్ బాణీ నాదస్వరం. తంజావూరు పద్ధతి కూడా నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. అదే దారిలో నడిచిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ. భద్రాద్రి రాముడి ఆలయంలో నాదస్వర విద్వాంసుడిగా ఉన్న గోసవీడు షేక్ హసన్ సాహెబ్‌కి 2022లో మరణానంతరం పద్మశ్రీ. వీళ్ళు గాయకులు కారు, వాద్యకారులు. కానీ నాదస్వరం వాయించాలంటే ముందు కృతి నోటికి రావాలి, సాహిత్యం తెలియాలి. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లోని ముస్లిం ఇళ్ళల్లో పొద్దున్నే త్యాగరాజ కృతులు సాధన చేసిన తరాలున్నాయి. అవి మతం మారిన ఇళ్ళు కావు. రోజా ఉన్న ఇళ్ళు, ఈద్ చేసుకున్న ఇళ్ళు.

ఇంటి లోపలి సవాల్

ఇక మనవాళ్ళ సవాల్‌కి వద్దాం. మ్యూజిక్ జాయజేనా అని అడిగితే, నేను ఆలిమ్‌ని కాదు, ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు. తారీఖ్ చదివేవాణ్ణిగా ఒక్కటి చెప్పగలను. ఈ విషయంలో ఇఖ్తిలాఫ్ ఇవాళ్టిది కాదు. ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా ఉలూముద్దీన్'లో సమా గురించి ఒక పూర్తి అధ్యాయమే రాశారు, ఏ పాట మనిషిని ఎటు తీసుకెళ్తుందో తర్కించారు. చిష్తీ బుజుర్గులు సమాని ఆదరించారు, మరికొందరు బుజుర్గులు దూరం పెట్టారు. ఇద్దరికీ దలీల్‌లు ఉన్నాయి. మీ ఇంటి ఫైసలా మీది.

కానీ పాడకపోవడం వేరు, పాడినవాళ్ళని తారీఖ్ నుంచి చెరిపేయడం వేరు. మన పిల్లవాడు సంగీతం నేర్చుకోకపోతే ఖౌమ్‌కి నష్టం లేదు. కానీ స్కూల్లో ఎవరైనా "ఈ దేశపు సంగీతంలో మీవాళ్ళదేముంది?" అని అడిగినప్పుడు వాడు తల దించుకుని ఇంటికొస్తే, ఆ నష్టం మనది. కేస్కర్ లాంటివాళ్ళు మన ఉస్తాద్‌ల పేరు మీద గీత గీస్తే బాధపడతాం. 'మీరాసీలు, గానా బజానావాళ్ళు' అంటూ అదే గీత మనం కూడా గీస్తున్నాం. బడే గులాం అలీ ఖాన్ మన నగరంలో మట్టిలో కలిసినా ఆయన ఎవరో మన పిల్లలకి తెలియకపోవడానికి బయటివాళ్ళనొక్కళ్ళనే తప్పుపట్టలేం.

ఈ ఉస్తాద్‌లు మన తరఫున వకీళ్ళుగా నిలబడలేదు, 'మంచి ముసల్మాన్' అని సర్టిఫికెట్ తెచ్చుకోవడానికి భజనలూ పాడలేదు. వాళ్ళని అలా వాడుకోవడం కూడా నాకు నచ్చదు. ఎవరైనా ఆయన భజన్‌ని చూపించి "చూడండి, ఇలాంటి ముస్లింలు ఎంత మంచివాళ్ళో" అంటే, కల్మా పాడుతూ వెళ్ళిపోయిన ఖాన్ సాహెబ్‌ని కూడా గుర్తు చేయండి. మనవాళ్ళెవరైనా కల్మా ఒక్కటే చెప్పి ఊరుకుంటే, త్యాగరాజ కృతి రికార్డుని కూడా గుర్తు చేయండి. సగం సగం తీసుకుంటే ఆ మనుషులు దొరకరు.

ఈసారి పాతబస్తీ వెళ్ళినప్పుడు మీర్ మోమిన్ దాయిరాలో ఆగండి. మీర్ మోమిన్ సాహెబ్‌కి ఫాతెహా చదివాక, ఉస్తాద్‌కి కూడా చదవండి. పక్కనున్న పిల్లలకి ఆయన పేరు పూర్తిగా చెప్పండి. బషీర్‌బాగ్ మీదుగా ఇంటికి వస్తుంటే ఆ రోడ్డు పేరు కూడా చెప్పండి. మీ ఖానదాన్‌లో ఏ దాదాయో, నానీయో, నాదస్వరం వాయించినవాళ్ళో, మర్సియాలూ మౌలూద్‌లూ రాగంలో పాడినవాళ్ళో ఉంటే, పెద్దవాళ్ళు ఉండగానే అడిగి ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. ఎప్పుడు పుట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎక్కడ పాడారు. అంత చాలు. మన తారీఖ్ అక్కడి నుంచే మొదలవుతుంది.

ఖుదా హాఫిజ్.